గ్రాము గింజలు... మూడొందల మొక్కలు!

మీకు తెలుసా? ఒక్క గ్రాము టమాటా విత్తనాల్లో దాదాపు 300 గింజలుంటాయి. మిద్దెతోటకు చిటికెడు చాలు. చేతిలో పెట్టుకుని తుమ్మారో, తోట మొత్తం పక్కింటికే!

హైబ్రిడ్ పండులోని గింజ నాటితే ఏం కాస్తుందో చెప్పలేం. హెయిర్‌లూమ్ రకాలు, అంటే తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన పాత రకాలు, అచ్చం తల్లి పోలికే. అమ్మమ్మ ముక్కు మనవరాలికి వచ్చినట్టు!

టమాటా ఇంటి అప్పు తీర్చిందంటే నమ్ముతారా? అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ‘రేడియేటర్ చార్లీ’ అనే మెకానిక్ 1940లలో తాను సృష్టించిన రకం నారు మొక్కను డాలరు చొప్పున అమ్మాడు. ఆరేళ్లలో 6,000 డాలర్ల బాకీ చెల్లు! ఆ రకం పేరే ‘మార్ట్‌గేజ్ లిఫ్టర్’, తనఖా విడిపించేది. మన బ్యాంకులో ఓసారి అడిగి చూడండి!

మీకు తెలుసా? 1984లో ‘రట్జర్స్’ రకం గింజలు కోటీ 25 లక్షలు అంతరిక్షానికి వెళ్లాయి. ఏడాదిలోపు రావలసినవి 1990లో గానీ దిగలేదు. బడిపిల్లలు నాటితే మొలకెత్తాయి కూడా. మనకేమో బస్సు అరగంట ఆలస్యమైతే నీరసం!

గింజ చుట్టూ ఉండే జిగురే పండులో మొలక రాకుండా ఆపుతుంది. అందుకే విత్తనానికి దాచేవాళ్లు గుజ్జును రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి ఆరబెడతారు. రోజూ ఇడ్లీపిండి పులియబెట్టే చేతులకు ఇదో లెక్కా!

నారు మొక్కను మెడదాకా పాతిపెట్టినా చావదు. మట్టిలో పడిన కాండం పొడవునా వేళ్లు పుట్టుకొస్తాయి. పాతేకొద్దీ బలం. సినిమా హీరోలు దీని దగ్గరే నేర్చుకున్నారేమో!

టమాటా పువ్వులో పుప్పొడి గొట్టంలో దాక్కుంటుందని మీకు తెలుసా? దాన్ని ఝుమ్మని అదిరించి రాల్చే విద్య తేనెటీగకు రాదు, నల్ల తుమ్మెదకు వచ్చు. మీ మిద్దెకు తుమ్మెద రాలేదా? కరెంటు టూత్‌బ్రష్‌ను పూకాడకు ఆనించండి. పళ్లు తోమే బ్రష్షుతోనే పళ్లు!

ఎండ 30 డిగ్రీలు దాటితే పండుకు ఎర్రదనమిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు. నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. మే నెలలో మన ముఖం ఎర్రబడుతుంది, టమాటాది మాత్రం కాదు!

పాత రకాల పండుకు భుజాల దగ్గర పచ్చగా ఉంటే మొహం తిప్పుకోకండి. పండంతా ఒకే రంగు రావాలని ఎంచుకుంటూ పోవడంతో, చక్కెర పెంచే జన్యువు ఒకటి మార్కెట్ రకాల్లో చెడిపోయిందని 2012లో తేలింది. సోకు కోసం రుచిని తాకట్టు పెట్టామన్నమాట!

మీకు తెలుసా? మనిషికున్న జన్యువులు సుమారు 20,000. టమాటాకు దాదాపు 35,000! రోట్లో వేసే ముందు ఓ నమస్కారం పెట్టండి.

1986లో అమెరికాలోని ఓక్లహోమాలో ‘డెలిషస్’ రకం కాయ ఒకటి 3.51 కిలోలు తూగింది. ఆ రికార్డు 28 ఏళ్లు చెక్కుచెదరలేదు. దాన్ని కోస్తారా, ఉయ్యాల్లో వేస్తారా?

ఆఖరి ప్రశ్న. నిన్న మీ పప్పులో పడిన టమాటాల్లో ఎన్ని మొక్కలున్నాయో మీకు తెలుసా? ఇంకేం తెలుస్తుంది, ఉడికించేశారుగా!