మీకు తెలుసా? భయపడే బిడ్డకు కావలసింది పక్కన ఒక చెయ్యి

● భయం గురించి దేశదేశాల్లో మాట్లాడిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో మన మదనపల్లెలో పుట్టారు. చిన్నప్పుడు బడిలో ఆయన్ను మందబుద్ధి అన్నారు. 1905లో తల్లి సంజీవమ్మ పోయింది. 1909లో మద్రాసు చేరాక, పాఠం రాలేదని దాదాపు రోజూ బెత్తం దెబ్బలే. వరండాలో ఏడుస్తూ నిలబడ్డ అన్నను తమ్ముడు నిత్యానంద చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు.

● సోమవారం పొద్దున బ్యాగు చూడగానే "అమ్మా, కడుపునొప్పి" అనే బిడ్డ నాటకం ఆడుతున్నట్టు కాదు. భయం పుడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, పేగులకు వెళ్లే రక్తం తగ్గుతుంది. నొప్పి నిజమే. ఒకసారి డాక్టరుకు చూపించండి. ఆదివారం రాని నొప్పి సోమవారమే వస్తుంటే, బడిలో ఏం జరుగుతోందో నెమ్మదిగా అడగండి.

● "పిల్లోడు జడుసుకున్నాడు" అని మన వైపు అవ్వలు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తారు. ఆ కాసేపు ఇంటిల్లిపాదీ తన చుట్టూ ఉన్నారన్న ధైర్యం బిడ్డకు దక్కుతుంది. "ఇంత దానికే భయమా?" అని నవ్వితే ఆ ధైర్యమే పోతుంది.

● 1924లో అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి భయం పోగొట్టారు. వాడు ఇష్టంగా తింటుండగా కుందేలును రోజుకు కొంచెం దగ్గరికి తెచ్చారు. బడికి భయపడే బిడ్డకూ అదే దారి: ఈరోజు గేటు దాకా, రేపు వరండా దాకా, ఆపైన తరగతి గుమ్మం దాకా. బడి మాన్పిస్తే ఆ పూటకు ఏడుపు ఆగుతుంది, మర్నాటికి భయం ఇంకా పెరుగుతుంది.

● 2020లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం భయాందోళనలతో బాధపడే 124 మంది పిల్లలపై చేసిన అధ్యయనం వెలువడింది. అందులో ఒక వర్గంలో పిల్లలకు కాకుండా తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు. పిల్లలకు నేరుగా ఇచ్చిన చికిత్సతో సమానంగా అదీ పనిచేసింది. నేర్పింది రెండే: "నీకు భయంగా ఉందని నాకు తెలుసు, నువ్వు తట్టుకోగలవనీ తెలుసు" అని చెప్పడం, బిడ్డ భయానికి లొంగి మనం చేసిపెట్టే పనులను కొద్దికొద్దిగా తగ్గించుకోవడం.

● కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చుని పొద్దుగూకడం చూస్తారు. దాన్ని 'అస్తాచల్' అంటారు. మీ మేడ మీద బిడ్డతో పది నిమిషాలు అలా కూర్చోండి. ఊపిరి తీసుకున్న దానికంటే నెమ్మదిగా వదలడం నేర్పండి, గుండె దడ తగ్గుతుంది.

● భయం వారాల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ 'టెలీ మానస్' సేవ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నలుగురూ ఏమనుకుంటారోనని ఆలస్యం చేయకండి. మీ బిడ్డను వరండాలో ఒంటరిగా ఏడవనివ్వకండి, చెయ్యి పట్టుకోండి.