అడ్మిరల్ గారి గళ్ళు

స్వతంత్ర భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి ఒకరు, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి చైర్మన్‌గా పనిచేసినవారు ఒకరు, 'ది హిందూ' దినపత్రికకు 1971 నుంచి క్రాస్‌వర్డ్ కూర్చినవారు ఒకరు. ముగ్గురూ ఒక్కరే! ఆయనే అడ్మిరల్ రామదాస్ కటారి. 1958లో నౌకాదళాధిపతి అయ్యారు, 1983లో కన్నుమూశారు. పుట్టింది చెంగల్పట్టులో. ఆంధ్రప్రదేశ్‌లో తమిళనాడు సరిహద్దున ఉన్న సత్యవేడు వాళ్ళు ఆయన్ని 'మా పాత జిల్లా మనిషే' అని ధీమాగా చెప్పుకోవచ్చు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సర్దేదాకా ఈ ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలోదే మరి.

ప్రపంచంలో తొలి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వచ్చింది. కూర్చినది ఆర్థర్ విన్. ఆయన పెట్టిన పేరు 'వర్డ్ క్రాస్'. కొన్ని వారాలకు అచ్చులో మాటలు అటూ ఇటూ అయ్యాయి, ఆ తప్పే పేరుగా నిలిచిపోయింది. 1924లో దీన్ని దండగమారి పని అని తిట్టిపోసిన 'న్యూయార్క్ టైమ్స్' 1942లో తానే మొదలుపెట్టింది.

అచ్చయిన పజిల్‌లో అతి పొడుగు మాట 58 అక్షరాల వేల్స్ ఊరి పేరు. దాన్ని గళ్ళలో ఇరికించిన రోజర్ స్క్వైర్స్ 2007 నాటికి 20 లక్షల ఆధారాలు రాశాడు. రాయడం సరే, అన్నీ విప్పినవాడెవడైనా ఉన్నాడా అన్నది నా అనుమానం.

1944లో మరీ విడ్డూరం. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ దాడికి ముందు లండన్ 'డెయిలీ టెలిగ్రాఫ్' గళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బెరీ, నెప్ట్యూన్ వరసగా వచ్చాయి. అన్నీ ఆ దాడి కోసం సైన్యం పెట్టుకున్న రహస్య పేర్లే! కూర్చిన లెనార్డ్ డా అనే హెడ్మాస్టరును గూఢచారి శాఖ నిలదీసి, ఏమీ తేలక వదిలేసింది. సైనికుల నోట విన్న మాటలను తామే గళ్ళలో పెట్టామని ఆయన శిష్యుడొకడు 1984లో చెప్పాడు.

తెలుగులో శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక', ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' కూర్చారు. మహాకవులే దిగారంటే ఇది తేలిక పని కాదు. మన గడిలో వత్తుతో, గుణింతంతో సహా అక్షరం మొత్తం కూర్చోవాలి. సత్యవేడుకు నాలుగు గళ్ళు చాలు. అదే ఊరిని సరిహద్దు అవతల తమిళంలో 'సత్తియవేడు'గా రాస్తే ఆరు కావాలి, అక్కడ పొల్లుకూ విడిగా గడి ఇస్తారు కాబట్టి. మన చిక్కు మరోచోట ఉంది. రెండో గడిలోని 'త్య' నుంచి నిలువుగా దిగాలంటే ఏముంది? 'త్యాగం' కుదరదు, దీర్ఘం అడ్డం. 'త్యజించు' దొరికేసరికి టీ చల్లారిపోతుంది. టీ అంగట్లో పేపరైతే అంతకుముందే ఎవరో పెన్నుతో తప్పు మాట బరికేసి ఉంటారు.

నాకు ఒళ్ళు మండేది మాత్రం 'కుడి నుంచి ఎడమకు', 'కింది నుంచి పైకి' అన్న ఆధారాలు చూస్తేనే. అది కూర్పరి బద్ధకం. మాట అమరకపోతే తిరగేసి పెట్టడమేమిటి? తిప్పడంలో చమత్కారం ఉండాలి. 'తల తిరిగితే తీగ' అంటే 'లత' అని తట్టగానే వచ్చే సంతోషం వేరు. అలాంటిదే ఇంకొకటి మీకు వదులుతున్నాను: 'తిరగబడ్డ కడపలో హాయిగా నిద్రపోవచ్చు', మూడు గళ్ళు.