బావగారి కొండకు పట్టా

మైసూరులో ఉద్యోగం చేసే రోజుల్లో మా కుటుంబం బిళిగిరి రంగస్వామి దర్శనానికి వెళ్లింది. చామరాజనగర జిల్లాలోని ఆ కొండల్లో సోలిగలు అనే గిరిజనులు తరతరాలుగా ఉంటున్నారు. స్వామి తమ ఆడపడుచు కుసుమాలెను పెళ్లాడాడని వారి నమ్మకం. అందుకే ఆయన వారికి 'బావ'. అహోబిల నరసింహుడి కథ తెలిసిన మనకు ఇది వింతగా తోచదు. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి నల్లమల చెంచులకు బావగారే కదా!

దేవుడికి చుట్టాలైనా, 1974లో ఆ అడవి అభయారణ్యం కావడంతో సోలిగలు సొంతింట్లోనే పరాయివారయ్యారు. మనకు పోడు అంటే కొండసేద్యం, వారి భాషలో పోడు అంటే ఊరు. అలాంటి పోడులు కొన్నింటిని అడవి లోపలి నుంచి తరలించారు. వేటతో పాటు 'తరగు బెంకి' కూడా నిషిద్ధమైంది. అంటే ఎండుటాకులకు వేసవి ముదరకముందే పెట్టే చిన్న నిప్పు. అది లేకనే లాంటానా పొదలు అడవిని కమ్మేశాయనీ, ఉసిరిచెట్లకు బదనిక పట్టిందనీ సోలిగ పెద్దలు అంటారు. వారి మాటలో నిజముందని కొందరు పరిశోధకులూ రాశారు. నిప్పు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2011 జనవరిలో ఆ అడవిని పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అదే ఏడు అక్టోబరులో 25 గ్రామసభలకు సామూహిక హక్కుపత్రాలు అందాయి. తేనె, ఉసిరి, నాచు సేకరించుకునే హక్కుతో పాటు అడవిని కాపాడే హక్కు కూడా చట్టం ఇచ్చింది. పులులున్న అడవిలో ఇలాంటి హక్కులు గుర్తించడం దేశంలో అదే మొదలంటారు.

ఏళ్ల తరబడి తాకట్టు దస్తావేజులు తిరగేసిన నాకు ఒక సంగతి బాగా నచ్చింది. ఈ చట్టం ఇచ్చే పట్టాను అమ్మరాదు, బదలాయించరాదు. పిల్లలకు మాత్రం దక్కుతుంది. బ్యాంకు లెక్కలో అది అప్పు పుట్టని కాగితం. కానీ ఏ వడ్డీవ్యాపారీ దాన్ని కాజేయలేడు.

మా తాతగారు కన్నడసీమకు వచ్చి కొన్న ఇంటికి అన్ని కాగితాలూ ఉన్నాయి. ఎప్పటి నుంచో అక్కడున్నవారికి కాగితం చేతికి రావడానికి ఇన్నాళ్లు పట్టింది! ఈసారి ఆ కొండకు వెళ్తే పిల్లలకు గుడితో పాటు సోలిగలు కొలిచే 'దొడ్డ సంపిగె' మహావృక్షం గురించీ చెప్పండి. దాన్ని ఇన్ని తరాలు కాచింది ఎవరో కూడా చెప్పండి.