తామరపై మందు చేయు పని

శ్రావణ భాద్రపదములందు మా తరగతిలో వెనుకబల్లల బాలురు కొందఱు పాఠము వినుచునే నడుము గోకికొనుచుందురు. గోస్పాడు ప్రాంతమున కె.సి. కాలువ క్రింది వరిమళ్లలో పనిచేసి తడిబట్టలతోనే యుండువారికి తామర సులభముగా సోకును. ఒక బాలుడు సిగ్గుచే దానిని నెలలకొలది దాచి, అంగడిలో నెవరో యిచ్చిన గొట్టపుమందును పూయుచుండెను. దురద తగ్గెను, మచ్చ మాత్రము వీపువఱకు ప్రాకెను. ఇట్లేల జరిగెనని వాడు నన్నడిగెను.

తామరను ఆంగ్లేయులు 'రింగ్‌వర్మ్' అందురు గాని అది పురుగు కాదు, బూజు. బాక్టీరియాలను చంపుట కొంత సులభము. పెన్సిలిన్ వాని గోడను చెఱచును. మన కణములకట్టి గోడయే లేదు గనుక మనకు హాని లేదు. బూజు అట్లు కాదు. దాని కణమునందు మనకువలెనే కేంద్రకము కలదు. జీవకోటిలో అది బాక్టీరియాలకంటె మనకే దగ్గఱి చుట్టము. దానికి విషమైనది మనకును విషమగునను భయ మందుచేతనే.

అయినను ఒక భేదము దొరకినది. ప్రతి కణమును చుట్టి క్రొవ్వుపదార్థముతో నేర్పడిన పలుచని పొర యొకటి లోని లవణములను కాపాడుచుండును. ఆ పొరకు బిగువు నిచ్చునది మనలో కొలెస్టరాల్, బూజులో ఎర్గోస్టెరాల్. రెండును అన్నదమ్ములవంటివే. పేరుపొందిన మందులలో పెక్కులు ఈ కొద్దిపాటి తేడాను పట్టుకొనియే పనిచేయును.

వానిలో ఆంఫోటెరిసిన్ బి ప్రబలమైనది. వెనెజులా దేశపు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి 1950 తరువాతి సంవత్సరములలో దీనిని తీసిరి. ఇది ఎర్గోస్టెరాల్‌ను అంటుకొని పొరను రంధ్రములపాలు చేయును, ఆ పదార్థమును పొరనుండి లాగివేయును కూడ. కణములోని పొటాసియము కారిపోయి బూజు చచ్చును. 2021లో కోవిడ్ వెంట 'బ్లాక్ ఫంగస్' వ్యాపించినపుడు రోగుల బంధువులు ఈ మందుకొఱకే తిరిగిరి. హైదరాబాదు కోఠీలోని చెవి ముక్కు గొంతు వైద్యశాల ఆ రోగులతో నిండెను. ఆంధ్రప్రదేశమున ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చిరి. అన్నదమ్ముల పోలికవలన ఈ మందు మన కొలెస్టరాల్‌ను కూడ కొంత తాకి మూత్రపిండములను బాధించును. అందుచే దానిని క్రొవ్వు బిందువులలో పొదిగి యిచ్చుట మేలని కనుగొనిరి.

క్లోట్రిమజోల్, ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ అనునవి పొరను పొడువవు. ఎర్గోస్టెరాల్ తయారగు పనినే మధ్యలో నాపును. సగము తయారైన సరకు పొరలో చేరి దానిని బలహీనపఱచును. బూజు వెంటనే చావదు, ఎదుగుట నిలిచిపోవును. దురద తగ్గిన నాడే మందు మానినవానికి తామర మఱల వచ్చుటకు కారణము ఇదే. వరిలో పాముపొడ తెగులునకు చల్లు హెక్సాకొనజోల్ కూడ ఈ కులములోనిదే. అట్లయిన పొలపుమందునే పూసికొనవచ్చునా యని మా బాలుడు వెంటనే యడిగెను! అది పైరుకొఱకు కూర్చిన విషము. ఒంటికి తగిలిన కడిగికొనవలసినదే గాని పూసికొనునది కాదు.

టెర్బినఫిన్ అదే పనిని ఇంకను ముందటి మెట్టుననే ఆపును. కాని ఆ మెట్టున పనిచేయు ఎంజైమును మార్చుకొని మందునకు లొంగని తామర జాతి మన దేశమున ప్రబలినది. దానికి 2020లో శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశము పేరు కలిపి పెట్టిరి. గర్వింపదగిన గౌరవము కాదు.

ఇక ఆ బాలుని గొట్టము సంగతి. దానిపై చిన్న యక్షరములు చదువగా బూజుమందుతో స్టీరాయిడ్ కూడ కలిసియున్నట్లు తెలిసెను. స్టీరాయిడ్ ఎఱుపును దురదను అణచును. దానితోపాటు చర్మముయొక్క రక్షణను కూడ నిద్రపుచ్చును. కావలి లేని చేనువలె వాని వీపు బూజుపాలైనది. తండ్రి వానిని నంద్యాలకు తీసికొనిపోయి చర్మవైద్యునకు చూపెను. ఆఱు వారములకు మచ్చ మాసినది. వైద్యుడు మానుమనలేదు గనుక మాత్ర లింకను మ్రింగుచున్నాడు.