పాఠం 9: చిన్న వయసులో పని – క్షేమం

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- ఏ వయసువారు ఏ పని చేయకూడదో చెప్పగలుగుతారు;
- యంత్రాల దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించగలుగుతారు;
- ప్రమాదం జరిగినప్పుడు వెంటనే చేయవలసినవి తెలుసుకుంటారు.

9.1 పరిచయం

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున భుయ్యాడీహ్ ఉంది. ఇటువంటి పేటలలో బడి మానిన పదిహేను, పదహారేళ్ళ పిల్లలు గ్యారేజీలలో, వెల్డింగు షాపులలో, ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలోని చిన్న షెడ్లలో పని వెతుక్కుంటారు. మీరే ఆ వయసువారు కావచ్చు, లేదా ఆ వయసు పిల్లల తల్లిదండ్రులు కావచ్చు. ఈ ఊరి ఉక్కు కర్మాగారంలో 1912లోనే 8 గంటల పనిదినం వచ్చింది. అయితే పెద్ద కర్మాగారంలోని పద్ధతులు చిన్న షెడ్డుకు వాటంతట అవే రావు. అందుచేత నియమాలు మనకు తెలిసి ఉండాలి.

9.2 చట్టం ఏమంటుంది?

బాల కార్మిక చట్టం 1986లో వచ్చింది. దానిని 2016లో సవరించారు. దీని ప్రకారం 14 ఏళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుకోరాదు. బడి వేళల తరువాత ఇంటివారికి సాయపడడం వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 14 నుండి 18 ఏళ్ళలోపు వారిని గనులలో, పేలుడు పదార్థాల దగ్గర, ఉక్కు తయారీ, ఫౌండ్రీ వంటి ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. ఇతర పనులలో ఈ వయసువారికి నియమాలు ఇవి:
- 3 గంటలకు మించి ఏకబిగిన పని ఉండరాదు. తరువాత 1 గంట విరామం ఇవ్వాలి.
- విరామంతో కలిపి రోజుకు 6 గంటలు మించరాదు.
- రాత్రి 7 నుండి ఉదయం 8 వరకు పని చేయించరాదు.
- ఓవర్‌టైము ఉండదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి.

పనిలో చేరడానికి వయసు ఎక్కువ వేసి చెప్పకండి. అలా చెబితే ఈ రక్షణ మీకు అందకుండా పోతుంది.

9.3 యంత్రం దగ్గర

కొత్తగా చేరినవారికి యంత్రం తీరు తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటపడతారు. చాలా ప్రమాదాలకు మూలం ఇదే.

ప్రెస్సు: అచ్చుల మధ్య చెయ్యి పెట్టకండి, పట్టుకారు వాడండి.

డ్రిల్లింగు మిషను: ఇక్కడ చేతి తొడుగులు వేసుకోకూడదు. తిరిగే బిట్టు తొడుగును పట్టి చేతిని లాగేస్తుంది. వదులు చొక్కా, చున్నీ కూడా ఇంతే ప్రమాదం.

వెల్డింగు: నల్ల అద్దం లేకుండా మంటను చూడకండి. పక్కన నిలబడినవారికి కూడా కళ్ళు దెబ్బతింటాయి. కంట్లో ఇసుక పడ్డట్టు నొప్పి కొన్ని గంటల తరువాత మొదలవుతుంది.

శుభ్రం చేయడం: నడుస్తున్న యంత్రాన్ని తుడవకండి, నూనె వేయకండి. "ఉస్తాద్, మిషను ఆపాక తుడుస్తాను" అని చెప్పండి. ఇది ఎదురు చెప్పడం కాదు, పని తెలిసినవాడి మాట.

బోర్డు మీద హిందీలో 'ఖతరా' అని ఉంటే ప్రమాదం అని అర్థం. చదవడం రాకపోతే అడిగి తెలుసుకోండి.

9.4 ప్రమాదం జరిగితే

ముందు కరెంటు ఆపండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు నీళ్ళలో ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వేలిని నేరుగా మంచులో పెట్టకండి. తేదీ, సమయం, చూసినవారి పేర్లు రాసి ఉంచుకోండి. పరిహారం కోరేటప్పుడు అవి అవసరమవుతాయి. పిల్లల చేత ప్రమాదకరమైన పని చేయిస్తుంటే 1098కి ఫోను చేయవచ్చు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. పదహారేళ్ళ అమ్మాయిని రాత్రి 9 వరకు ప్యాకింగు పనిలో ఉంచవచ్చా?
2. డ్రిల్లింగు మిషను దగ్గర చేతి తొడుగులు ఎందుకు వద్దు?

జవాబులు: 1. ఉంచరాదు. రాత్రి 7 తరువాత ఆమె చేత పని చేయించరాదు. 2. తిరిగే బిట్టు తొడుగుతోపాటు చేతిని లాగేస్తుంది.