కెనరా ముత్యం కొంటారా? పుట్టిల్లు అడగండి!

*మన దేశానికి సొంతమైన సిక్లిడ్ చేపలు మూడే. వాటిలో అరుదైనది ఇప్పుడు ఇళ్లలోని అద్దాల తొట్టెల్లోకి వస్తోంది. దాన్ని పెంచడం వేడుకే, బాధ్యత కూడా.*

అక్వేరియం దుకాణంలో అడుగుపెడితే ముందు కంటబడేది నెత్తిన బుడిపె ఉన్న ఫ్లవర్‌హార్న్. అదృష్టం తెస్తుందని ఎగబడి కొనే ఆ చేప మనుషులు సంకరం చేసి పుట్టించింది. పక్క తొట్టిలోని ఆస్కార్‌ది అమెజాన్. మన చెరువుల్లో కనిపించే తిలాపియాది ఆఫ్రికా. మూడూ సిక్లిడ్ కుటుంబానివే.

మరి మన సిక్లిడ్‌లేవి? ఒకటి, కొల్లేరులోనూ చిలికాలోనూ దొరికే పెర్ల్‌స్పాట్. కేరళవాళ్ల కరిమీన్ ఇదే. 2010లో ఆ రాష్ట్రం దీన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించింది. రెండోది ఆరెంజ్ క్రొమైడ్. ఈ రెండూ ఉప్పు కలిసిన నీళ్లలోనూ హాయిగా బతుకుతాయి. మూడోది కెనరా పెర్ల్‌స్పాట్. దానికి మంచినీళ్లే కావాలి.

కుక్కే దారిలో

పడమటి కనుమల నుంచి దక్షిణ కన్నడ జిల్లాలోకి దిగే ఏళ్లు దీని నెలవు. కుక్కే సుబ్రహ్మణ్యంలో మన యాత్రికులు మునకలేసే కుమారధార, ధర్మస్థలను ఒరుసుకుపోయే నేత్రావతి దీని నదులు. ఫ్రాన్సిస్ డే 1877లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసి, ఎట్రోప్లస్ కెనరెన్సిస్ అని పేరు పెట్టాడు. జానెడు కూడా పెరగదు. ఒంటిమీద నిలువు చారలు, వాటి నడుమ వరుసలుగా ముత్యపు చుక్కలు. ఉండేదే కొద్దిపాటి చోటు కాబట్టి ఆ నీళ్లకు ఏమైనా ముప్పు దీనికే. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. అలంకార చేపల వ్యాపారం కోసం నదిలో పట్టడం కూడా ఆ ముప్పులో భాగమే.

తొట్టిలో ఏటి నీళ్లు

కనుమల నీళ్లలో లవణాలు తక్కువ. మన బోరు నీళ్లు చాలాచోట్ల అందుకు పూర్తిగా విరుద్ధం. అందుకే ఆర్‌వో నీళ్లు కలిపి గాఢత తగ్గించాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాలి. చేపను తెచ్చేముందే నాలుగైదు వారాలు ఫిల్టర్ నడవాలి. చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులో స్థిరపడడానికి అంత వ్యవధి పడుతుంది. ఆ తర్వాత కూడా వారం వారం పావువంతు నీళ్లు మార్చాల్సిందే.

ఒంటరిగా పెడితే బెదిరి మూల నక్కుతుంది. రెంటిని పెడితే బలమైనది రెండోదాన్ని తరుముతుంది. ఆరేడు కలిసి ఉంటే ఆ దూకుడు అందరి మీదా పంచుకుపోతుంది. వాటికి నాలుగడుగుల తొట్టి, రాళ్లు, చెట్టు మొద్దులు, కాస్త ప్రవాహం కావాలి. పురుగుల మేతతోపాటు ఆకు మేతా పెట్టాలి.

గుడ్లు పెట్టాక ఆలుమగలు రెండూ కాపలా కాస్తాయి. ఈ జాతికి దగ్గరి చుట్టమైన ఆరెంజ్ క్రొమైడ్ పిల్లలైతే తల్లిదండ్రుల ఒంటిమీది జిగురునే కొరుక్కుతింటాయి. పిల్లలు కనబడగానే వేరే తొట్టిలోకి మార్చాలన్న తొందర అందుకే మంచిది కాదు.

మడగాస్కర్ పాఠం

మన సిక్లిడ్‌లకు దగ్గరి బంధువులు ఆఫ్రికా ఖండంలో లేవు, మడగాస్కర్ దీవిలో ఉన్నాయి. భారత భూభాగం, మడగాస్కర్ ఒకప్పుడు అతుక్కుని ఉన్నవే మరి. ఆ దీవిలోనే మంగరహర అనే సిక్లిడ్ ఉంది. ఆనకట్టలతో దాని ఏరు ఎండిపోయింది. 2013 నాటికి లండన్ జూలో మిగిలినవి రెండూ మగవే. ఆడచేప ఎక్కడైనా ఉందా అంటూ జూ ప్రపంచమంతటా ఉన్న పెంపకందార్లను అడిగింది. ఆ పిలుపు మడగాస్కర్‌లో ఒక వ్యాపారికి చేరింది. గాలింపులో ఎండుతున్న వాగులో కొన్ని దొరికాయి. పద్దెనిమిదింటిని అక్కడి చేపల క్షేత్రానికి తరలించారు.

అరుదైన చేపకు తొట్టి ఆసరా కాగలదు. అయితే అక్కడ సంతానం పెరగాలి. నది నుంచి తెచ్చి, చచ్చాక మరొకటి తెచ్చుకునే తొట్టి నదికి చిల్లే. కాబట్టి అమ్మేవాడిని ధరకన్నా ముందు, ఈ పిల్ల తొట్టిలో పుట్టిందా, ఏటిలో పట్టిందా అని అడగండి. ఏటిదంటే కొనకండి. జవాబు తేల్చి చెప్పకపోయినా అంతే.