సదస్సుకు సారాంశం రాయడం ఎలా?



ఉపకారవేతనాల దరఖాస్తులతోపాటు మన ట్రస్టుకు ఈమధ్య మరో రకం కాగితాలు కూడా వస్తున్నాయి. "మా అబ్బాయి సైన్సు సదస్సుకు పంపుతున్నాడు, ఒకసారి చూసి పెట్టండి" అని ఒకరు, "మా అమ్మాయిని కాలేజీలో అబ్‌స్ట్రాక్ట్ రాసుకుని రమ్మన్నారంట, అదేమిటో చెప్పండి" అని ఇంకొకరు తెచ్చి ఇస్తున్నారు. చాలా ఏళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక అవన్నీ నా దగ్గరికే చేరుతున్నాయి. అందరికీ చెప్పవలసింది దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కన్నడ మీడియంలో చదువుతూ తెలుగు లిపి రాని పిల్లలకు పెద్దలు దీన్ని చదివి వినిపించవలసిందిగా మనవి.

అబ్‌స్ట్రాక్ట్ అంటే సారాంశమే. కన్నడంలో కూడా అదే మాట. మీరు చేసిన పని మొత్తాన్ని రెండు మూడు వందల మాటల్లో చెప్పే కాగితం అది. సదస్సు జరిపేవారు ముందుగా దీన్నే అడుగుతారు, దీన్ని చూసే ఎవరిని పిలవాలో నిర్ణయిస్తారు. అప్పటికి మీ చార్టులు, మీ నోటుబుక్కు, మీ మాట తీరు ఏవీ వాళ్ళ ముందు ఉండవు. కాగితంలో లేని పని వాళ్ళ లెక్కలో చేయని పనే.

ఇది ఎంత నష్టం చేస్తుందో ఒక సంగతి చెబుతాను. ఒక అమ్మాయి ఎనిమిది నెలలపాటు రోజూ పొద్దున్నే తన ఇంటి మిద్దె మీద డబ్బా పెట్టి వాన కొలిచింది. పక్కనే ఉన్న బావిలో నీటిమట్టం తాడు వేసి కొలిచింది. నోటుబుక్కు చూస్తే ముచ్చట వేసింది. కానీ ఆమె పంపిన సారాంశంలో పన్నెండు వాక్యాలు నీటి విలువ గురించి, భూమి వేడెక్కడం గురించి ఉన్నాయి. ఆఖరున "మేము వాననీటిని పరిశీలించాము" అని ఒక్క ముక్క ఉంది. ఆమెను పిలవలేదు. పిలవనివారిని తప్పు పట్టడానికి లేదు, వాళ్ళకు అందిన కాగితంలో ఆ ఎనిమిది నెలలు లేవు.

మంచి సారాంశం ఎలా ఉంటుందో చూడడానికి దూరం వెళ్ళనక్కరలేదు. గౌరిబిదనూరు దగ్గర 1976 నుంచి రేడియో టెలిస్కోపు ఉన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలుసు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి కట్టినది అది. దానితో ఆకాశమంతా పరిశీలించి కె.ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయ శంకర్ అనే శాస్త్రవేత్తలు 1990లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ వ్యాసం సారాంశం మొదటి వాక్యంలోనే ఏం చేశారో (ఆకాశ సర్వే), ఏ పౌనఃపున్యం దగ్గర చేశారో (34.5 మెగాహెర్ట్జ్), ఎక్కడ చేశారో ఉంటాయి. ఎక్కడ అంటే గౌరిబిదనూరు అని ఊరి పేరు చెప్పి ఊరుకోలేదు, దాని అక్షాంశం కూడా ఇచ్చారు. తరువాత, అక్కడినుంచి కనబడే ఆకాశం మొత్తాన్ని ఒక్క రోజులోనే చూడగలిగిన పద్ధతి. తరువాత, దక్షిణాన 50 డిగ్రీల నుంచి ఉత్తరాన 70 డిగ్రీల దాకా చూశామని హద్దులు. ఆపైన, ఎంత సన్నని వివరం కనబడుతుంది, ఎంత బలహీనమైన సంకేతం దాకా పట్టగలం అన్న అంకెలు. విశ్వం ఎంత విశాలమో, ఖగోళశాస్త్రం ఎంత పురాతనమో ఒక్క మాట లేదు. అంతటి పని చేసినవారే ఉపోద్ఘాతం లేకుండా రాశారు కదా, మనకెందుకు?

అయితే సైన్సు ఒక్కటే పరిశోధన కాదు. డిగ్రీ పిల్లలు చరిత్ర, సమాజశాస్త్రం సదస్సులకూ పంపుతున్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది ఎంచుకునే విషయం విదురాశ్వత్థ. ఎంచుకోవలసినదే. 1938 ఏప్రిల్ 25న అక్కడ జాతర సమయంలో, నిషేధాన్ని లెక్కచేయకుండా కాంగ్రెసు జెండా ఎత్తడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు మైసూరు సంస్థానానికి మీర్జా ఇస్మాయిల్ దివాను. విచారణకు వేపా రామేశం గారి అధ్యక్షతన సంఘం వేశారు. గాంధీజీ పంపగా పటేల్, కృపలానీ వచ్చి ప్రభుత్వంతో మాట్లాడారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. చిక్కంతా అక్కడే ఉంది: నేను చూసిన సారాంశాలన్నీ ఈ పుస్తకాల్లోని సంగతినే మళ్ళీ చెప్పి, "దక్షిణాది జలియన్‌వాలా బాగ్" అన్న బిరుదుతో మొదలై, అమరవీరులకు జోహార్లతో ముగుస్తాయి. విద్యార్థి చేసిన పని ఏమిటో ఎక్కడా కనబడదు.

నేనైతే ఆ విద్యార్థిని అడిగే ప్రశ్న ఇది: నువ్వు కొత్తగా ఎవరిని అడిగావు, ఏ కాగితం చూశావు? ఆ రోజు జాతరలో ఉన్న పదేళ్ళ పిల్లవాడికి ఇప్పుడు నూరేళ్ళు దగ్గరపడ్డాయి. చూసినవాళ్ళ నోట వినే అవకాశం దాదాపు పోయింది. వాళ్ళ దగ్గర విన్న కొడుకులు, కోడళ్ళు, మనుమలు ఇంకా ఉన్నారు, వాళ్ళు ఆ సంగతి చెప్పేది తెలుగులో. "గౌరిబిదనూరు తాలూకాలోని ఇన్ని ఊళ్ళలో, ఇన్ని ఇళ్ళలో, ఫలానా నెలల్లో మాట్లాడాము. వారిలో స్వయంగా చూసినవారు లేరు, అందరూ తల్లిదండ్రుల దగ్గర విన్నవారే" అని రాస్తే ఆ రెండు వాక్యాలే మీ సారాంశాన్ని మిగతా కట్ట నుంచి వేరు చేస్తాయి. చనిపోయినవారి సంఖ్య రాయవలసి వస్తే జాగ్రత్త. పుస్తకాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. ఏ పుస్తకం లెక్కో, ఏ నివేదిక లెక్కో చెప్పి రాయండి. లేదా మీ ప్రశ్నకు ఆ సంఖ్య అక్కరలేకపోతే వదిలేయండి. 2001లో కూలిపోయిన పాత అశ్వత్థ వృక్షం గురించీ, అక్కడి నాగశిలల గురించీ రాసేవారికి కూడా ఇదే మాట. స్థలపురాణం అందరికీ తెలిసినదే. మీరు ఎన్ని రాళ్ళు లెక్కపెట్టారు, వాటిలో ఎన్నింటి మీద రాతలు చదవగలిగారు, అవి ఏ లిపిలో ఉన్నాయి అన్నది మీకు మాత్రమే తెలుసు.

ఇక పూర్తి నమూనా ఒకటి ఇస్తాను. బాగేపల్లి, చింతామణి వైపు పిల్లలకు బాగా తెలిసిన ఫ్లోరైడ్ విషయమే తీసుకున్నాను. ఇందులోని అంకెలు నమూనా కోసం నేను వేసినవి, ఎవరూ కొలిచినవి కావు. దయచేసి ఎత్తి రాసుకోకండి.

"బోరుబావి లోతుకూ నీటిలోని ఫ్లోరైడుకూ సంబంధం ఉందా అని తెలుసుకోవడానికి ఈ పని చేశాము. బాగేపల్లి తాలూకాలోని మూడు ఊళ్ళలో 24 బోరుబావుల నీటిని మార్చిలో ఒకసారి, వానల తరువాత అక్టోబరులో ఒకసారి పరీక్ష కిట్టుతో చూశాము. లోతు ఎంతో రైతులను అడిగి రాసుకున్నాము. మార్చిలో 15 బావుల్లో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. 600 అడుగులకన్నా లోతైన 11 బావుల్లో 9, అంతకన్నా తక్కువ లోతున్న 13 బావుల్లో 6 ఇలా దాటాయి. అక్టోబరులో నాలుగు బావుల్లో మాత్రమే హద్దు లోపలికి తగ్గింది. కిట్టులో రంగును కంటితోనే పోల్చాము కాబట్టి ఇవి ఖచ్చితమైన కొలతలు కావు. లోతైన బావుల్లో హద్దు దాటడం ఎక్కువగా కనబడింది కనుక, కొత్తగా లోతు బోరు వేసినప్పుడు తాగేముందు పరీక్ష చేయించడం అవసరమని మా అభిప్రాయం."

ఎనభై, తొంభై మాటలే. పెద్ద మాట ఒక్కటీ లేదు. ఏం అడిగాము, ఏం చేశాము, ఏం తేలింది, దానివల్ల ఏమిటి అన్న నాలుగూ వరసగా ఉన్నాయి. వైద్య పత్రికలవారు 1987 ప్రాంతంలో ఈ నాలిగింటికీ విడివిడిగా శీర్షికలు పెట్టి రాయమనే పద్ధతి మొదలుపెట్టారు, లేకపోతే పెద్ద డాక్టర్లు కూడా ఏదో ఒకటి మరిచిపోతున్నారని. మీకు శీర్షికలు పెట్టుకుని రాసుకోవడం సులువనిపిస్తే అలాగే రాసి, ఆనక శీర్షికలు కొట్టేయండి.

1.5 అన్న అంకె ఎక్కడిదని అడిగితే చెప్పగలగాలి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు 1.0 దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. "24లో 15" అని రాశాను చూడండి, 62.5 శాతం అని కాదు. తక్కువ సంఖ్యలకు శాతాలు కట్టడం పెద్దగా కనబడాలన్న ఆశే తప్ప వేరు కాదు, న్యాయనిర్ణేతలకు అది ఇట్టే తెలుస్తుంది. కిట్టు లోపాన్ని మనమే చెప్పుకోవడం మీద కొందరు తండ్రులు నాతో వాదించారు: "మన లోపం మనమే ఎందుకు బయట పెట్టుకోవాలి సార్?" అని. చెప్పకపోతే వాళ్ళే అడుగుతారు. అడిగినప్పుడు పిల్లవాడు తడబడడంకన్నా ముందే రాయడం మేలు.

చాలామందికి వచ్చే ఇబ్బంది ఇంకొకటుంది. సారాంశం గడువు ముందొస్తుంది, పని ఇంకా సగంలో ఉంటుంది. అప్పుడు "ఫలితాలు చర్చించబడతాయి" అని రాసేస్తారు. అది ఖాళీ వాక్యం. 24 బావుల్లో 10 అయ్యాయా? ఆ పదింటిలో ఏం కనబడిందో రాయండి, మిగతా 14 ఫలానా నెలకు పూర్తవుతాయని రాయండి. అవనిదాన్ని అయినట్టు మాత్రం రాయకండి. సదస్సు రోజున చార్టులో ఒకటీ, సారాంశంలో ఒకటీ ఉంటే పని మీద నమ్మకమే పోతుంది.

భాష గురించి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సారాంశం మాత్రం చాలాసార్లు ఇంగ్లీషు. మూడు భాషల మధ్య విషయం జారిపోతూ ఉంటుంది. ఇక్కడే తల్లిదండ్రుల సాయం కావాలి. "మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చేస్తాము" అనకండి. రాయడానికి ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, చేసినదేమిటో తెలుగులో చెప్పమనండి. అవ్వకు చెప్పినా సరే. విన్నాక మీకు "అయితే ఏం తేలింది?" అని అడగాలనిపిస్తే ఆ ముక్క కాగితంలో కూడా లేదన్నమాట. "ఎక్కడ?", "ఎన్ని?" అని అడగాలనిపించినా అంతే. ఆ జవాబులు చేర్చి, ఆ తరువాత కన్నడంలోకో ఇంగ్లీషులోకో రాయించండి. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు, జరిగిపోయిన కాలంలో: కొలిచాము, అడిగాము, లెక్కపెట్టాము. తప్పులు టీచరుగారు దిద్దుతారు.

మన కొలతలు మనకు తెలుసు, బయటివారికి తెలియవు. గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు, సుమారు 101 చదరపు మీటర్లని ఒకసారి రాయండి. చెరువును ఇంగ్లీషులో మనవైపు అందరూ ట్యాంకు అంటారు. దూరప్రాంతం వారు అది చదివి మిద్దె మీది ప్లాస్టిక్ తొట్టి అనుకునే అవకాశం ఉంది. వాన నీళ్ళు నిలిచే చెరువు అని తెలిసేలా రాయండి. పేరు పెట్టడంలో కూడా ఊరి పేరు, విషయం రెండూ ఉండాలి. "జలమే జీవనం" అన్న పేరుతో కట్టలో పది ఉంటాయి.

ఫోనులో అడిగితే సారాంశం రాసిచ్చే సాధనాలు ఇప్పుడు వచ్చాయి. అక్షరదోషాలు చూపించుకోవడానికి సదస్సు నియమాలు ఒప్పుకుంటే వాడుకోవచ్చు. మీ ఊరి బావి లోతు దానికి తెలియదు, చెప్పకపోతే తానే ఒక అంకె వేస్తుంది. అలాగే, టీచరుగారో అన్నయ్యో మొత్తం రాసిచ్చిన కాగితం ఎదురుగా రెండు ప్రశ్నలు వేసేసరికి తెలిసిపోతుంది.

బాలల విజ్ఞాన కాంగ్రెస్ 1993లో జాతీయ స్థాయిలో మొదలైనప్పటి నుంచి 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలను సొంత ఊరి సమస్యనే పరిశీలించమంటున్నది. 2020 జనవరిలో మనకు దగ్గరలోనే, బెంగళూరు జీకేవీకేలో 107వ భారత విజ్ఞాన కాంగ్రెస్ జరిగినప్పుడు ప్రధానాంశం గ్రామీణాభివృద్ధి. ఊరి నుంచి వచ్చే పని తక్కువదని పిల్లలు సంకోచపడనక్కరలేదు. మాటల పరిమితి, భాష, వయసు, జట్టులో ఎందరు అన్న నియమాలు మాత్రం సదస్సు సదస్సుకూ వేరు, ఏటేటా మారతాయి కూడా. ఆ యేటి ప్రకటన చదివాకే రాయడం మొదలుపెట్టండి. 250 మాటలన్నచోట 300 పంపితే కొందరు చదవకుండానే పక్కన పెడతారు.

ముసాయిదా చూపించదలచినవారు గడువుకు కనీసం పది రోజుల ముందు ట్రస్టు కార్యాలయంలో ఇవ్వగలరు. కాగితానికి ఒక పక్కనే, పంక్తుల మధ్య చోటు వదిలి రాయండి. దానితోపాటు పని చేసిన నోటుబుక్కు తప్పక తీసుకురండి, నేను ముందు చూసేది అదే.